పదిహేడో రూలు

హెడ్డాఫీసు, మూడో అంతస్తు
మార్చి 4

వదినా,

భద్రతా నియమాల పుస్తకం నీ చేతికి అంది నెల దాటింది. ఇస్త్రీ హాల్లో పనిచేసే ఇరవై ఇద్దరు ఆడవాళ్లూ చివరి పేజీలో సంతకాలు పెట్టి పంపాలి. ఒక్క సంతకమూ రాలేదు. ఫోను చేస్తే ఎత్తవు. అన్నయ్యను అడిగితే, "మీ చెల్లెలితో నోటిమాటలు వద్దు, రేపు మార్చేస్తుంది. ఏమున్నా కాగితం మీద రాయమనండి" అన్నావట. సరే, రాస్తున్నాను.

ఉతుకుడు గది పంపింది. మూటలు విప్పే గది పంపింది. బాయిలరు దగ్గర ఉండే ముగ్గురూ పంపారు. మిగిలింది మీ హాలు ఒక్కటే. ఆ పుస్తకం రాయడానికి నాకు అయిదు నెలలు పట్టింది. నలభై రెండు పేజీలు, అరవై ఒక్క రూల్సు. గాలికి రాసినవి కావు. రెండేళ్లు ఆ హాల్లో ఆసుపత్రుల దుప్పట్లు పట్టి రోలరులోకి తోసినదాన్నే నేనూ. ఆ పని ఇప్పించింది నువ్వేనన్న సంగతి నువ్వు మరవనివ్వవు, నేనూ మరవలేదు.

ఆ పుస్తకాన్ని నువ్వు బల్ల కోడు కింద పెట్టావని ప్లాంటు మేనేజరు చెప్పాడు. నిజమైతే చెప్పు, ఇంకొకటి పంపుతాను, రెండో కోడుకు.

మేస్త్రీవి నువ్వు. నువ్వు పెట్టమంటే పెడతారు, వద్దంటే మానేస్తారు. అక్కడ ఎవరికైనా ఏదైనా జరిగితే ముందు అడిగేది నిన్నే. నెలాఖరులోగా సంతకాలు పంపు.

నీ మరదలు


ఇస్త్రీ హాలు
మార్చి 12

సేఫ్టీ ఆఫీసరు గారికి,

తమరి ఉత్తరం అందింది. నేను ఎనిమిదో తరగతితో ఆపేసినదాన్ని, తప్పులుంటే మీరే దిద్దుకోండి.

పుస్తకం బల్ల కోడు కింద లేదు. అంత లావు పుస్తకం అక్కడ పెడితే మడతపెట్టిన దుప్పట్లన్నీ అవతలి వైపు జారిపోతాయి. కిటికీ రెక్కకు అడ్డం పెట్టాను. ఆవిరిని బయటికి లాగే పంకా చెడిపోయి ఏడు నెలలైంది. ఆ కిటికీ కూడా మూసుకుంటే మాకు ఊపిరాడదు. కాబట్టి మీ పుస్తకం వల్ల మాకు మేలు జరగలేదని ఎవరూ అనలేరు.

చదవలేదనుకోకండి. రెండుసార్లు చదివాను. తొమ్మిదో రూలు: అరగంటకోసారి నీళ్లు తాగాలి. నీళ్లు కింది అంతస్తులో ఉన్నాయి, వెళ్లి రావడానికి ఆరు నిమిషాలు. రోలరు దగ్గర ఇద్దరిలో ఒకరు కదిలితే రెండోవాళ్లు దుప్పటి రెండు కొసలూ తామే పట్టాలి. ఇరవై మూడో రూలు: మందపాటి చేతితొడుగులు వేసుకోవాలి. అవి వేసుకుంటే గుడ్డ అంచు వేళ్లకు తెలియదు, తొడుగు కొసే ముందు రోలరులోకి పోతుంది. పదిహేడో రూలు గురించి నేను మాట్లాడను. అది రాసిన చెయ్యి ఎవరిదో తలచుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.

ఒడ్డున కూర్చున్నవాళ్లకు ఎన్ని ఈతలైనా వస్తాయి.

ఇంకో సంగతి. కిందటేడు మీటింగులో "భద్రతకు మొదటి అడ్డంకి పాతకాలపు మేస్త్రీలే" అన్నారట తమరు. ఆ గదిలో మీకు టీ అందించిన ఆవిడ మా హాల్లో ఒకామెకు సొంత అక్క. గోడలకే కాదు, టీ కప్పులకూ చెవులుంటాయి.

ఈ సంతకం దేనికో చెప్పండి. "చదివాను, అర్థమైంది, పాటిస్తాను" అని కదా అక్కడ ఉంది. మాలో ఆరుగురికి చదవడం రాదు. పంకా బాగుచేయిస్తాం, నీళ్లు పైకి తెప్పిస్తాం అని కంపెనీ ఎక్కడ సంతకం పెట్టింది? నలభై రెండు పేజీల్లోనూ వెతికాను. మేం చేయాల్సినవి అరవై ఒకటి ఉన్నాయి. మీరు చేయాల్సింది ఒక్కటీ లేదు. ఇది మా భద్రత కోసం పెట్టే సంతకమా, మీ భద్రత కోసమా?

ఇట్లు,
పాతకాలపు మేస్త్రీ


హెడ్డాఫీసు
మార్చి 20

వదినా,

'మీరు' అని పిలిచి చెంప మీద కొట్టడం నీకు కొత్త కాదు. నేను మాత్రం 'నువ్వు' అనే రాస్తాను.

మీటింగులో ఆ మాట అన్నాను. కాదనను. ఎందుకన్నానో కూడా విను. నీ హాల్లో పదేళ్ల ప్రమాదాల రిజిస్టరు తీసి చూశాను. అన్నీ తెల్ల పేజీలే. గోరు ఊడినా, మోచెయ్యి కాలినా మందు రాసి ఇంటికి పంపేస్తావు. ఆ పేజీలు చూస్తే లోకంలో మీ హాలంత క్షేమమైన చోటు ఇంకోటి లేదు. వాటిని పట్టుకుని పంకా కోసం నేను ఎవరిని అడగను? ఏడు నెలల్లో దాని గురించి ఒక్క ముక్క రాసిచ్చావా? నోటితో హాలంతా దడదడలాడిస్తావు, కలం పట్టమంటే నీకు వేళ్లు రావు.

సంతకాలు రాకపోతే మేస్త్రీని మారుస్తానని మేనేజరు రాశాడు. ఆ ఆలోచన నాది కాదు. నేను అడ్డుపడేదీ లేదు.

ఒకటే అడుగుతున్నాను, ఒక్క మాటలో జవాబు రాయి. రోలరు ముందున్న అడ్డకమ్మీకి వేళ్లు తగిలితే మిషను ఆగాలి. దాన్ని గుడ్డపీలికతో వెనక్కి కట్టేస్తే ఆగదు. కడుతున్నారా, లేదా?

మరదలు


ఇస్త్రీ హాలు
మార్చి 29

అమ్మాయీ,

సంతకాలు పంపుతున్నాను. ఇరవై రెండూ ఉన్నాయి. చదవడం రాని ఆరుగురికీ నేనే చెయ్యి పట్టుకుని పేరు రాయించాను. పిట్టకు మూడుసార్లు రాయించాల్సి వచ్చింది. నువ్వు వెళ్లాక చేరిన మనిషి. రోలరు అందక చెక్కపీట ఎక్కి నిలబడుతుంది, అందుకే ఆ పేరు. తన అసలు పేరు కాగితం మీద చూసుకుని, ఇంత పొడుగుందా అని నవ్వింది.

రిజిస్టరులో ఎందుకు రాయించలేదని అడిగావు. రాయించిన మనిషిని మర్నాడే మూటల గదికి మారుస్తారు. మురికి దుప్పట్లలో సూదులు మిగిలిపోయి వచ్చే గది అది. ఇద్దరిని అలా పంపాక కలం పక్కన పెట్టాను. నీ పుస్తకంలో దీనికి ఏ రూలూ లేదు.

నీ ప్రశ్నకు జవాబు: కట్టడం లేదు.

మీ అన్నయ్య బాగున్నాడు. నీ గురించి అడగలేదు.

వదిన


ఇస్త్రీ హాలు
జూన్ 17

అమ్మాయీ,

నిన్న మధ్యాహ్నం పిట్ట కుడిచెయ్యి రోలరులో పడింది.

దుప్పటి కొస ముడతపడితే సరిచేయబోయింది. మిషను ఆపడానికి నేను గోడ దాకా పరుగెత్తాల్సి వచ్చింది. రోలరుకూ గోడ మీటకూ మధ్య పదకొండు అడుగులు. ఇరవై ఏళ్లుగా తిరిగిన చోటే. నిన్న తెలిసింది అది ఎంత దూరమో. రోలరు ఎత్తి చెయ్యి బయటికి తీసేసరికి నాలుగు నిమిషాలు. అది కేకలు కూడా పెట్టలేదు. దుప్పటి రెండో కొస పట్టిన ఆమె దాన్ని వదలకుండా అలాగే పట్టుకుని నిలబడిపోయింది, వేళ్లు విప్పించాల్సి వచ్చింది.

ఆసుపత్రి నుంచి నేను తిరిగొచ్చేసరికి మేనేజరు మీ ఆఫీసుకు ఫోను చేసి సంతకాల పేజీ తెప్పించుకున్నాడు. మనిషి ఎలా ఉందని అడగలేదు. ఆ పేజీలో పిట్ట పేరు కింద ఎర్ర గీత గీశాడు. "చూడమ్మా, చదివాను, అర్థమైంది అని రాసిచ్చింది కదా" అన్నాడు నాతో.

ఆ పేరు నేను రాయించాను. ఆ చెయ్యి పట్టుకునే రాయించాను.

సంతకం ఎవరి భద్రత కోసమని మార్చిలో అడిగితే నువ్వు జవాబు రాయలేదు. ఇప్పుడు మేనేజరు చెప్పాడు. నీకు సంతోషమే కదా.

వదిన


హెడ్డాఫీసు
జూన్ 20

వదినా,

సంతోషమా అని అడిగిన మనిషితో వాదించే ఓపిక నాకు లేదు. పని సంగతి రాస్తాను.

శుక్రవారం లోగా విచారణ సంఘానికి నా నివేదిక ఇవ్వాలి. అందులో ఒక వాక్యం ముందే టైపు చేసి నా బల్ల మీద పెట్టారు: "పదిహేడో నిబంధనను చదివి సంతకం చేసిన కార్మికురాలు తానే దాన్ని ఉల్లంఘించి అడ్డకమ్మీని కట్టివేసినందువల్ల ప్రమాదం జరిగింది." కింద నా సంతకం ఒక్కటే తక్కువ. ఆ వాక్యం నిలబడితే ఆమెకు వైద్యమూ దక్కదు, పరిహారమూ దక్కదు. పనిలోంచి కూడా తీసేస్తారు.

కమ్మీ కట్టి ఉందన్నది నిజం. మెకానిక్కు ముడి విప్పక ముందే ఫోటో తీశాడు. నువ్వేమో మార్చిలో "కట్టడం లేదు" అని నీ చేతిరాతతో రాశావు. ఆ కాగితం నా సొరుగులో ఉంది. నాకు అబద్ధం రాశావు.

కట్టింది పిట్టేనా? ఈసారైనా నిజం రాయి. నిన్ను కాపాడటానికి కాదు అడగడం, ఆ అపోహ పెట్టుకోకు.

మరదలు


ఇంటి దగ్గర
జూన్ 22

అమ్మాయీ,

కట్టింది పిట్ట కాదు. నేను.

ఆ రోజు షిఫ్టు మొదలవగానే పాత దుప్పటి అంచు చించి, కమ్మీని వెనక్కి లాగి, రెండు ముళ్లు వేశాను. ఫిబ్రవరి నుంచి రోజూ అదే పని. అప్పుడే రోలరు వేగం పెంచారు. ఆ నెలలోనే కొత్త ఆసుపత్రి నుంచి మందం దుప్పట్లు రావడం మొదలైంది. అవి కమ్మీకి ఒరుసుకుంటే చాలు, మిషను ఆగుతుంది. మళ్లీ వేడెక్కి తిరగడానికి నాలుగు నిమిషాలు. ఒకరోజు ఒక్క షిఫ్టులో నలభైసార్లు ఆగింది. మేనేజరు దగ్గరికి మూడుసార్లు వెళ్లాను. మొదటిసారి చూద్దామన్నాడు. రెండోసారి మెకానిక్కును పంపుతానన్నాడు, పంపలేదు. మూడోసారి తల ఎత్తకుండానే, "ఇన్నేళ్ల అనుభవం ఉంది. పని ఆగకుండా ఎలా చూసుకోవాలో నేను చెప్పాలా?" అన్నాడు. కట్టమని అనలేదు, కట్టొద్దని కూడా అనలేదు. ఇంటికొచ్చి మీ అన్నయ్యతో కూడా చెప్పలేదు నేను.

నువ్వు అడిగావు, చెప్పాను. ఇప్పుడు నేనొకటి అడుగుతాను. ఆ ముడి వేయడం నీకు నేర్పిందెవరు? అప్పట్లో గుడ్డలు తడిగా వచ్చిన రోజుల్లోనే కట్టేవాళ్లం, కానీ కట్టేవాళ్లం. నీ షిఫ్టులో కట్టింది నువ్వే. చురుకైన పిల్లవని నిన్ను మెచ్చుకున్నాను కూడా. ఎందుకు కడతారో చేతులారా తెలిసినదానివి, పుస్తకంలో "కట్టరాదు" అని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకున్నావు. కట్టాల్సిన అవసరం ఎందుకొస్తోందో రాయలేదు.

నాది అబద్ధం. నీదేమిటో నువ్వే పేరు పెట్టుకో.

వదిన


హెడ్డాఫీసు
జూన్ 27

వదినా,

నీ ఉత్తరాలన్నీ విచారణ సంఘానికి ఇచ్చేశాను. నిన్ను అడగలేదు. అడిగితే వద్దంటావని తెలుసు.

నా ఉత్తరాల నకళ్లు కూడా జత చేశాను. వాటి మీద ఇంకో రెండు పేజీలు రాసి పెట్టాను. రెండేళ్లు కమ్మీ నేనూ కట్టానని రాశాను. కారణం తెలిసి కూడా పుస్తకంలో పెట్టలేదని, పెడితే అన్నాళ్లు రూలు తప్పిన మనిషికి రూల్సు రాసే పని ఎందుకని అడుగుతారేమోనని భయపడ్డానని రాశాను. టైపు చేసి ఇచ్చిన వాక్యం మీద సంతకం పెట్టలేదు.

నిన్న ముగ్గురు సభ్యులూ కూర్చుని అన్నీ చదివారు. పైకే చదివారు. నువ్వు నన్ను తిట్టిన చోట్లు కూడా. "మీరు చేయాల్సింది ఒక్కటీ లేదు" అన్న దగ్గర వాళ్లలో పెద్దాయన ఆగి, పుస్తకం తెప్పించి, మొదటి పేజీ నుంచి తిప్పడం మొదలుపెట్టాడు. ఆయన పేజీలు తిప్పుతుంటే నేనూ మేనేజరూ ఎదురుగా కూర్చుని చూశాం. అరగంట పట్టింది. ఆయనకూ దొరకలేదు.

ఇది నీ పని మీదికి వస్తుంది, నా పని మీదికీ వస్తుంది. క్షమించమని అడగను. నీ అబద్ధమూ నా మౌనమూ కలిసి ఆమె మెడకు ఉరి వేయబోయాయి. నీకు కోపం వస్తుందని ఆగిపోతే ఆ ఉరి బిగిసేది.

మరదలు


మడతల బల్ల దగ్గర
జూలై 18

అమ్మాయీ,

ఇంటి మనిషి ఇంటి మనిషికి రాసిన ఉత్తరాలు పదిమందిలో పరిచే హక్కు నీకెవరిచ్చారు? నిజమే కావాలంటే నన్ను పిలిపించి అడిగితే చెప్పేదాన్ని. ఆ అవకాశం కూడా నాకు లేకుండా చేశావు. మీ అన్నయ్య "అది చేసింది తప్పేం కాదు" అన్నాడు. నాలుగు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

మేస్త్రీ పని తీసేశారు. దుప్పట్లు మడతపెట్టే బల్ల దగ్గరికి పంపారు. ఇరవై ఏళ్ల కిందట మొదలుపెట్టింది ఇక్కడే. మేనేజరును వేరే ప్లాంటుకు మార్చారు. అక్కడ ఎవరి చేతులున్నాయో పాపం.

తప్పు కంపెనీదేనని తేల్చారు, పిట్టకు రావాల్సినవి వస్తాయి. రెండు వేళ్లు తీసేశారు, మూడోది వంగదు. మొన్న ఆసుపత్రికి వెళ్లాను. మంచం పక్కన నిలబడి, కమ్మీ కట్టింది నేనేనని చెప్పాను. కట్టు ఉన్న చేతిని దుప్పటి కిందికి లాక్కుంది. తరవాత, "నాకు తెలుసు మేస్త్రమ్మా. మీరు ముడి వేస్తుంటే పక్కనే ఉన్నాను. వద్దందామనుకున్నాను. మీరంటే భయం" అంది.

నువ్వు మీటింగులో అన్న మాట నాకు తగిలింది. ఇది దిగింది.

నిన్ను మళ్లీ రూల్సు రాయమన్నారట. మూడో అంతస్తులో కూర్చుని రాసేట్టయితే రాయకు, ఇంకో కిటికీ ఖాళీ లేదు. ఇక్కడికి రా. నిలబడి దుప్పట్లు పట్టు. వాళ్లేం చెబుతారో విను. మా ఇంటికి రమ్మనడం లేదు, హాలుకు రమ్మంటున్నాను.

వదిన


హెడ్డాఫీసు
ఆగస్టు 24

వదినా,

వచ్చాను, మూడు షిఫ్టులు నిలబడ్డాను, అరచేతులు బొబ్బలెక్కి తిరిగొచ్చాను. మధ్యాహ్నం అన్నం డబ్బా పట్టుకుని మెట్ల మీద నేనో చివర, నువ్వో చివర. అందరూ చూశారు. చూడనీ.

మొదటిరోజు ఎవరూ నోరు విప్పలేదు. రెండోరోజు నా చెయ్యి కాలాక ఒకామె మందు రాస్తూ మొదలుపెట్టింది, ఇక ఆగలేదు. వాళ్లు చెప్పిందే రాశాను. ఇప్పుడు పుస్తకం లేదు, ఒక్క పేజీ. పదకొండు రూల్సు. మొదటి ఆరూ కంపెనీ చేయాల్సినవి. ఒక్కోదాని పక్కన ఎవరు చేయాలో ఆ మనిషి పేరు, ఎప్పటికి చేయాలో తేదీ. పంకా, నీళ్లు, రోలరు వేగం తగ్గించడం, మందం దుప్పట్లకు సరిపోయేలా కమ్మీని మార్చడం, రోలరు పొడవునా చేతికందేలా మిషను ఆపే తాడు కట్టడం. దెబ్బ తగిలిందని చెప్పిన మనిషిని వేరే గదికి మార్చకూడదన్నది ఆరోది. మిగతా అయిదూ మీవి. ఆరు నెలలకోసారి హాల్లో అందరి ముందూ పైకి చదివి, పనికిరానిది కొట్టేయాలి. ఎవరి సంతకాలూ అక్కర్లేదు. కింద సంతకం కొత్త మేనేజరుదీ, నాదీ.

ఏడో రూలు మీద ఇక్కడ నాతో వారం రోజులు పోట్లాడారు. "ఎవరైనా, ఎప్పుడైనా మిషను ఆపవచ్చు. ఎందుకు ఆపావని అప్పటికప్పుడు ఎవరూ నిలదీయకూడదు." ఆఫీసు వాళ్లు ఒప్పుకోరని తెలుసు. నువ్వు కూడా ఒప్పుకోకపోవడమే నాకు మింగుడుపడలేదు. "ఇలాగైతే పనిదొంగలు తయారవుతారు" అని హాలంతా వినబడేలా అరిచావు. నువ్వు ఆ మాట అన్నప్పుడు అందరూ ఒక్కసారి తలలు దించుకున్నారు. నీ పదవి పోయినా నీ గొంతు పోలేదు. ఆ తలలు చూశాకే, ఈ ఒక్క రూలు కోసం ఉద్యోగం పోయినా సరే అనుకున్నాను. ఉద్యోగం పోలేదు, రావాల్సిన ప్రమోషను పోయింది.

కాగితం రేపు పంపుతున్నాను. నీకు నచ్చకపోయినా గోడకు అంటించు.

మరదలు


మడతల బల్ల దగ్గర
అక్టోబరు 30

అమ్మాయీ,

కాగితం అంటించాను. నీ కోసం కాదు.

పిట్ట ఇక రోలరు దగ్గరికి రానంది. ఎవరూ బలవంతపెట్టలేదు. దాని చోట్లోకి ఒకామె వచ్చి మూడు వారాలైంది. మెత్తని మనిషి, పిలిస్తే ఉలిక్కిపడుతుంది. సోమవారం పొద్దున, పని ఊపులో ఉండగా తాడు లాగింది. రోలరు ఆగింది. లోపల ఏదో గీసుకున్నట్టు శబ్దం విన్నానంది. పక్కనున్నవాళ్లకు ఎవరికీ వినబడలేదు.

కొత్త మేనేజరు గబగబా వచ్చాడు. ఎందుకు ఆపావనబోయి, ఆమె తల మీదుగా గోడ మీది కాగితం చూసి, నోరు మూసుకుని మెకానిక్కును పిలిచాడు. మెకానిక్కు మూత విప్పాడు, లైటు వేసి చూశాడు, చేత్తో తడిమాడు. ఏమీ లేదు. మళ్లీ మూత బిగించాడు. పద్నాలుగు నిమిషాలు హాలు నిశ్శబ్దంగా ఉంది. ఇన్నేళ్లలో పనివేళ ఆ హాల్లో మా ఊపిరి మాకు వినబడటం అదే మొదటిసారి.

ఆ పద్నాలుగు నిమిషాలూ ఆమె మేనేజరు వైపు చూడలేదు. నా వైపు చూసింది. నేను మేస్త్రీని కానని ఆమెకు తెలుసు. అయినా నా వైపే చూసింది. నా నాలుక చివర ఒక మాట ఉంది. పాత రోజులైతే ఆమె ఇంటికెళ్లి ఏడ్చేంత మాట. దాన్ని మింగడం ఎంత కష్టమైందో నీకు చెప్పినా అర్థం కాదు.

దుప్పటి ఒక కొస నేను పట్టుకుని, రెండో కొస పట్టమని ఆమెను బల్ల దగ్గరికి పిలిచాను. ఇద్దరం కలిసి ఆరు దుప్పట్లు మడతపెట్టాం. మిషను తిరగడం మొదలయ్యాక వెళ్లి తన చోట్లో నిలబడింది.

నీ మీద కోపం అలాగే ఉంది. ఉత్తరాల సంగతి ఈ జన్మకు మరవను. ఏడో రూలు విషయంలో నాది తప్పని ఒప్పుకుంటున్నానని కూడా అనుకోకు. ఆ రోజు పని పద్నాలుగు నిమిషాలు ఆలస్యంగా ముగిసింది. అందరం చేతులు కడుక్కుని ఇళ్లకు వెళ్లాం. అంతకుమించి ఏమీ జరగలేదు. అది రాద్దామనే కూర్చున్నాను.

వదిన